పెద్ద చేపలా, చిన్న చేపలా?

కిందటి వారం సిల్వియాని మనం ఏలూరులో, మేనమామ బండి వెనక సీటు మీద వదిలేశాం. ఒళ్లో బట్టసంచి ఉంది. సంచిలో నాగరత్నం గారి నవల ‘తెల్లబడ్డ చెరువు’, దాని కింద రెండేళ్ల నాటి తన డైరీ. కొల్లేటికోటలో బండెక్కిన దగ్గరనుంచీ ఆ సంచిని ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఒళ్లోంచి దించలేదు.

ఎందుకు వచ్చిందో మనకు తెలుసు. రెండేళ్ల కిందట ఆగస్టులో, రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన తెల్లవారుజామున, ఊరి మత్స్యకారుల సొసైటీ చెరువులో చేపలు చచ్చి తేలాయి. కాపలా కాసే ఏసుబాబు గుడిసెలో పురుగుమందు డబ్బా దొరికింది. ఏసుబాబు సిల్వియాకు తండ్రి. పోలీసులదాకా పోలేదు గాని, ఇక చెరువు గట్టు ఎక్కవద్దన్నారు పెద్దలు. అప్పటినుంచీ ఆయన గుండుగొలను దగ్గర హైవే పక్కన లారీలు కడుగుతున్నాడు. అప్పట్లో చెరువు మోటార్ల జనరేటర్ చూసుకునే ఆయన బావమరిది శ్యామ్ సుందరే ఇప్పుడు చెరువు కాపలా కూడా చూస్తున్నాడు.

వచ్చే ఆదివారం సొసైటీ మీటింగు. ఏసుబాబుని మళ్లీ పనిలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆ రోజుతో తేలిపోతుంది. “పోనీలే పాపం, తీసుకుందాం” అన్నవాళ్లు కూడా ఈ మధ్య వెనక్కి తగ్గారు. కారణం ఈ నవలే. అందులో చెరువులో మందు కలిపినవాడు కాపలావాడు. డబ్బా దొరికింది కూడా వాడి గుడిసెలోనే. “అంత చదువుకున్నావిడ ఊరికే రాసుద్దేంటండీ?” అన్నాడు సొసైటీ ప్రెసిడెంటు తాతాజీ, చదవకుండానే.

ఇందులో సిల్వియాని కోసే సంగతి ఇంకొకటుంది. ఈ భూమ్మీద ఆ పిల్లకు అందరికన్నా ఇష్టమైన రచయిత్రి ఆవిడే.

*

నాగరత్నం గారి సభ జరిగే గ్రంథాలయం గేటు దగ్గర శ్యామ్ సుందర్ బండి ఆపాడు గాని దిగలేదు.

“నువ్వు రావా మావయ్యా?”

“పుస్తకాలోళ్ల గోల నాకెందుకే? మేతలో కలిపే మినరల్ పాకెట్లు కొనుక్కుని అయిదింటికొస్తాను. సంతకం పెట్టించుకుని చక్కగా బయటికొచ్చెయ్. ప్రశ్నలూ గిశ్నలూ పెట్టుకోకు. ఇప్పటికే మీ నాన్న పేరు ఊరందరి నోళ్లలో నానుతోంది.”

అలా అన్నా మంచివాడే మావయ్య. “ఆడపిల్ల ఒక్కత్తీ ఏలూరేంటి” అని అమ్మ సుగుణ అడ్డం పడితే, తాను తీసుకెళ్తానన్నది ఆయనే. ఏటా మేత కంపెనీ వాళ్లిచ్చే డైరీ తెచ్చి ఆమె చేతిలో పెట్టేదీ ఆయనే. ఆ అట్ట మీద నవ్వుతున్న చేప బొమ్మ ఉంటుంది. ఆ చేప కడుపులో సిల్వియా ఇన్నేళ్లుగా తాను పైకి అనలేని మాటలన్నీ దాచుకుంటోంది.

మేడ మీద హాల్లో అప్పటికే జనం నిండారు. ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాన్లు, వెనక బల్ల మీద సమోసాల గిన్నె. సిల్వియా ఆఖరి వరసలో గోడవార కుర్చీ చూసుకుని ఒదిగి కూర్చుంది. పక్కన ఒక పెద్దావిడ ఒళ్లో మూడు నవలలు పెట్టుకుని ఉంది.

“ఏ ఊరమ్మా?”

“కొల్లేటికోటండీ.”

“నేను గూడెం నుంచొచ్చాను. పొద్దున్నే రైలెక్కేశాను. వెంకటనరసమ్మంటారు నన్ను. మా కోడలేమో ‘ఈ వయసులో హత్యల పుస్తకాలేంటత్తయ్యా’ అంటది. ఈ వయసులో కాకపోతే ఎప్పుడు చదవను చెప్పు? అప్పుడు పొయ్యి దగ్గర సరిపోయె!” అని సంచిలోంచి జంతిక తీసి చేతిలో పెట్టింది. “తిను. చప్పుడవకుండా తిను.”

అంతలో ముందు తలుపులోంచి నాగరత్నం గారు వచ్చారు.

సిల్వియా జంతిక నమలడం మరిచిపోయింది. పుస్తకం వెనక ఫోటోలో ఎంతో పొడుగ్గా కనిపించే మనిషి, చూస్తే తన భుజందాకా కూడా వస్తుందో రాదో! వంగపండు రంగు నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, చేతిలో కూరలసంచి లాంటి సంచి. కార్యదర్శి గంగాధరరావు మాష్టారు శాలువా కప్పబోతే, “ఉక్కగా ఉందండీ, మడిచి ఇచ్చెయ్యండి, కప్పినట్టే” అన్నారావిడ. హాలంతా నవ్వింది.

తర్వాత మాట్లాడటం మొదలుపెట్టారు. ముప్పయ్యేళ్లు కోర్టులో టైపిస్టుగా చేశారట. ఆవిడ నవలల్లో నేరాలు ఛేదించే మంగతాయారు కూడా కోర్టు టైపిస్టే. పదో తరగతిలో క్యాథరిన్ టీచర్ మొదటి పుస్తకం చేతిలో పెట్టిన నాటినుంచీ, పద్నాలుగు నవలల నిండా, సిల్వియా మంగతాయారు వెనకే నడిచింది. తుపాకీ లేదు, కారు లేదు. పక్కవాళ్లు పట్టించుకోని చిన్న సంగతిని పట్టుకుని కూర్చునే ఓపిక ఒక్కటే ఉంది. బడిలో ఎవరూ పలకరించని పిల్లకు అంతకన్నా గొప్ప హీరోయిన్ ఎవరుంటారు?

“సాక్షులు చెబుతుంటే టైపు కొట్టేదాన్నండీ” అంటున్నారు నాగరత్నం గారు. గొంతు పెరటి గోడ మీదుగా పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టుంది. “కొన్నాళ్లకి నాకొకటి అర్థమైంది. మనిషి ఎంత అబద్ధమాడినా, తనకు చేతనైన పని గురించి మాత్రం తప్పు చెప్పలేడు. ఒక దర్జీ ఉండేవాడు. ఆ రోజు ఊళ్లోనే లేనన్నాడు, చనిపోయినావిణ్ణి చూడనే లేదన్నాడు. అన్నీ అబద్ధాలే. ఆవిడ జాకెట్టు కుట్టు ఎలా ఊడిందో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాడు. నోరు అబద్ధమాడుతుందండీ. చేతి అలవాటు ఆడదు.”

సిల్వియా వెంటనే సంచిలోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకుంది. కాగితం వెతుక్కునేలోగా మాట ఎక్కడ జారిపోతుందోనని.

ఆవిడ సంచిలోంచి నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి తీసి చూపించారు. “నవలకొక నోటుపుస్తకం. ఇది కొల్లేటిది. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఏ తేదీన చెప్పారు. తేదీ వెయ్యకుండా ఒక్క మాట రాయను. కోర్టు నేర్పిన బుద్ధి!”

‘నాలాగే’ అనుకుంది సిల్వియా. అనుకున్నందుకే చెవులు వేడెక్కాయి.

*

ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమన్నారు. ఖాళీ స్వీటు డబ్బా ఒకటి వరసల మధ్య తిరుగుతోంది.

సిల్వియా మొదటి చీటీ మీద, ‘మా నాన్నగారి గురించి ఎందుకు రాశారు?’ అని రాసి చింపేసింది. రెండో చీటీ మీద, ‘మీరంటే నాకు చాలా ఇష్టం’ అని రాసి, అది ప్రశ్న కాదని చింపేసింది. డబ్బా దగ్గరికి వచ్చేస్తోంది. ‘ప్రశ్నలూ గిశ్నలూ పెట్టుకోకు’ అన్న మావయ్య మాట చెవిలో ఉంది. లారీల కింద తడిసి తడిసి తెల్లగా పాలిపోయిన నాన్న వేళ్లు కళ్లముందు మెదిలాయి. మూడో చీటీ మీద చేపల సంగతి ఒక్కటే రాసి, పేరు పెట్టకుండా, నాలుగు మడతలు వేసి డబ్బాలో పడేసింది.

గంగాధరరావు మాష్టారు ఒక్కొక్క చీటీ తీసి చదువుతున్నారు. మంగతాయారుకి పెళ్లెప్పుడు చేస్తారని ఒకరు. సినిమాగా తీస్తారా అని ఒకరు. తర్వాత ఆయన నాలుగు మడతల చీటీ విప్పి, చదివి, నవ్వారు.

“ఇదేదో చేపల మార్కెట్టుకి పోవాల్సిన చీటీలా ఉందండీ. ‘మీ నవల నూట పన్నెండో పేజీలో చెరువులో పెద్ద చేపలు చచ్చాయి, పరిగెలు బతికే ఉన్నాయి అని ఉంది. మందు కలిపితే ముందు చచ్చేవి చిన్న చేపలు. పెద్ద చేపలు ముందు చచ్చాయని ఎందుకు రాశారు?’ చేపలు కేజీ ఎంతో అడగలేదు, నయం!”

హాలు గొల్లుమంది. సిల్వియా తల వంచేసుకుంది. మెట్లెక్కడున్నాయో ఓరకంట చూసుకుంది.

“పక్కన పెట్టేద్దామండీ” అన్నారు మాష్టారు.

“పెట్టకండి. ఇలా ఇవ్వండి.” నాగరత్నం గారు నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని చీటీ రెండుసార్లు చదివారు. “ఎవరు రాశారమ్మా ఇది? నాకు చెప్పాలి.”

ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. వెంకటనరసమ్మ మోచేత్తో మెల్లగా పొడిచింది.

“లేమ్మా.”

“భయమేస్తోందండీ.”

“మరి నాకు? మా కోడలికి చెప్పకుండా వచ్చాను. లే. నేను పట్టుకుంటాను.”

ఆవిడ నిజంగానే సిల్వియా వోణీ కొంగు పట్టుకుంది, పడిపోతుందేమోనన్నట్టు. సిల్వియా లేచింది. మైకు చేతులు మారి వచ్చింది, కీచుమంది, ఆగింది.

“నేనేనండీ.”

“నీకెలా తెలుసమ్మా ఈ సంగతి?”

“మా నాన్నగారు చెరువు కాపలాదారండీ.” నలుగురిలో ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. అన్నాక, తర్వాతి మాటలు వాటంతటవే వచ్చాయి. “చెరువులోకి గాలి కొట్టే మోటార్లు రాత్రి ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్దండీ. బొచ్చెలూ శీలావతుల్లాంటి పెద్ద చేపలకి గాలి ఎక్కువ కావాలండీ. అవి ముందు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, తెల్లారేసరికి పోతాయి. పరిగెల్లాంటి చిన్నవి మటుకు నీటి పైపైన తిరిగి బతికేస్తాయండీ. మందైతే అలా కాదండీ. పరిగెలు, కప్పలు, నత్తలు... చిన్న పేణాలు ముందు పోతాయండీ. మీరు రాసింది మందు చావు కాదండీ. మోటార్లు ఆగిన చావండీ.”

ముందు వరసలోంచి ఒకాయన, “కథే కదమ్మా, కథలో లాజిక్కులేంటి?” అన్నాడు.

“లాజిక్కు అక్కర్లేకపోతే ఇంత ఎండలో వీళ్లంతా మేడెక్కి రావడమెందుకండీ?” అన్నారు నాగరత్నం గారు, ఆయన వైపు చూడకుండానే. ఆవిడ కళ్లు సిల్వియా మీదే ఉన్నాయి. తన దగ్గరున్న పుస్తకం తెరిచి, నూట పన్నెండో పేజీ తీసి, పెన్నుతో అంచున ఏదో రాసుకున్నారు. అప్పుడు మైకు దగ్గరికి వంగారు.

“నేను తప్పు రాశాను. ఇది నాలుగోసారి అచ్చయిన పుస్తకం. జడ్జీలు చదివారు, డాక్టర్లు చదివారు. పట్టుకున్నది ఈ అమ్మాయి. మంగతాయారు నా పక్కన ఉండుంటే, ‘రత్నం గారూ, డబ్బాని చూశారు గానీ చెరువును చూశారా’ అని గడ్డి పెట్టేది. చెరువుల మీద బతికేవాళ్లకి ఇది చిన్నప్పుడే తెలుస్తుందన్నమాట. అడగకపోవడం నా పొరపాటు.”

చప్పట్లు మొదట వెంకటనరసమ్మ దగ్గర పుట్టి, హాలంతా పాకాయి. సిల్వియా కూర్చుంది. చెంపలు తడిసి ఉన్నాయని తర్వాత తెలిసింది. తాను పూజించే మనిషి మూడు వందలమంది ముందు ‘తప్పు రాశాను’ అంది, దానికేమీ చిన్నబోలేదు. ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసుండాలో ఆ పిల్లకు తెలుసు. తన ఊళ్లో రెండేళ్లుగా ఒక్కరు కూడా ఆ మాట అనలేదు.

నిజానికి ఊళ్లోవాళ్లకు చేపల సంగతి తెలియక కాదు. చెరువుల మధ్య పుట్టి పెరిగినవాళ్లే అందరూ. కాని ఆ రోజు వాళ్లు వచ్చేసరికి మావయ్య ట్రాక్టరు తెప్పించి, “వాసనొచ్చేస్తది” అని తొందరపెట్టి, చచ్చినవన్నీ ఎత్తించి గోతిలో పూడ్పించేశాడు. చూడటానికి మిగిలింది డబ్బా ఒక్కటే. అందరూ దాన్నే చూశారు. వాన హోరులో మోటార్ల చప్పుడు వినబడలేదన్నాడు నాన్న. రాత్రంతా నడిచాయన్నాడు మావయ్య. అంతకుముందు నాన్న కాక, ఆయనకి చద్దన్నం పట్టుకెళ్లిన సిల్వియా ఒక్కతే నీళ్లలోకి చూసింది. నాన్న మాట ఎవరూ నమ్మలేదు, పిల్లని ఎవరూ అడగలేదు.

*

సంతకాల బల్ల దగ్గర వరస కరిగేసరికి నాలుగున్నర దాటింది. “నువ్వు ఉండమ్మా, ఆఖర్న మాట్లాడుకుందాం” అని నాగరత్నం గారు ముందే అన్నారు. వెంకటనరసమ్మ మూడు నవలల మీదా సంతకాలు పెట్టించుకుని, సిల్వియా గడ్డం పుణికి, రైలు టైమయిందంటూ వెళ్లింది. మాష్టారు కుర్చీలు సర్దిస్తున్నారు.

సిల్వియా మొత్తం చెప్పింది. నాన్న, డబ్బా, లారీలు, ఆదివారం మీటింగు. నవల గురించి తాతాజీ అన్న మాట కూడా దాచలేదు.

నాగరత్నం గారు పెన్ను కింద పెట్టేశారు. “ఇది నిజంగా జరిగిందా తల్లీ? నాకు కథగా చెప్పారమ్మా. నేను నవల కోసం కొల్లేటికి వచ్చినప్పుడు పడవలో తిప్పినాయన చెప్పాడు. పక్క ఊళ్లో ఎప్పుడో జరిగిందన్నాడు. చెరువు పని చేసేవాడే కదా అని చేపల సంగతి మళ్లీ ఎవర్నీ అడగలేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.”

నల్ల అట్ట నోటుపుస్తకం తెరిచారు. ఆవిడ వేలి కింద వరసల్ని సిల్వియా తలకిందులుగానే చదివింది. ‘కాపలావాడి గుడిసెలో డబ్బా దొరుకుతుంది. బొచ్చెలు నోళ్లు తెరిచి తేలతాయి. పరిగెలు బతికే ఉంటాయి. నమ్మేలా ఉందా అండీ అని రెండుసార్లు అడిగాడు.’

నోరు అబద్ధమాడుతుంది, చేతి అలవాటు ఆడదు. అరచేతిలో సిరా చెమటకు అలుక్కుపోయి ఉంది.

“మీ చెరువులో చేపలు పోయింది ఎప్పుడమ్మా?”

సిల్వియా సంచి అడుగునుంచి డైరీ తీసింది. నవ్వే చేప అట్ట. పేజీలు తిప్పి ఆ రోజు చూపించింది. ‘ఆగస్టు 19. నాన్నకి అన్నం తీసుకెళ్లాను. చెరువంతా తెల్లగా ఉంది. చచ్చిన బొచ్చెల మధ్య పరిగెలు గిర్రున తిరుగుతున్నాయి. నత్తలు రాటలెక్కుతున్నాయి. నాన్న ఏడుస్తున్నాడు.’

నాగరత్నం గారు డైరీని నోటుపుస్తకం పక్కన పెట్టారు. రెండు తేదీలనూ, వాటి పక్కన సంవత్సరాలనూ మార్చి మార్చి చూశారు. పడవలో కథ విన్న రోజు జూలై 30. అదే సంవత్సరం.

“ఇరవై రోజుల ముందు” అన్నారు మెల్లగా. “చేపలు చావకముందే నాకు ఈ కథ చెప్పాడు.”

పేజీ చివర, గీత కింద, చెప్పినవారి పేరు ఉంది. సిల్వియా దాన్ని ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. ఆ పేరుగలవాళ్లు లోకంలో ఎందరో ఉంటారనుకోబోయింది. పేరు పక్కన ఊరు కూడా ఉంది.

శ్యామ్ సుందర్, కొల్లేటికోట.

“ఎవరమ్మా? తెలుసా?”

అప్పుడే కింద మెట్ల దగ్గరనుంచి పిలుపు వచ్చింది. “సిల్వీ! అయిందా లేదా? చీకటి పడకముందే ఇల్లు చేరాలి.”

పైకి రాలేదు. ఇందాక దింపినప్పుడు కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

“మా మావయ్యండీ” అంది సిల్వియా. “అమ్మ తమ్ముడు. అప్పట్లో మోటార్ల జనరేటర్ చూసుకునేవాడు. నన్ను తీసుకొచ్చింది ఆయనే.”

నాగరత్నం గారు ఆమె చేతి మీద చెయ్యి వేశారు. చిన్న చెయ్యి, గట్టి పట్టు. “విను. ఏమీ తెలియనట్టు వెళ్లు. సంతకం పెట్టించుకున్నావు, అంతే. ఈ నోటుపుస్తకం నా దగ్గర భద్రంగా ఉంటుంది. డైరీ ఎవరికీ చూపించకు.” నవల మొదటి పేజీలో గబగబా రెండు వరసలు రాసి, సంతకం పెట్టి, మూసి ఇచ్చారు.

మెట్లు దిగుతూ మలుపులో సిల్వియా ఆ పేజీ తెరిచి చూసింది. ‘సిల్వియాకు, చెరువును చూసినందుకు. ఆదివారం మీ మీటింగుకు నేను వస్తున్నాను.’

గేటు దగ్గర శ్యామ్ సుందర్ బండి స్టార్టు చేసి ఉంచాడు. ముందు పక్క మినరల్ పాకెట్లు వేలాడుతున్నాయి. సిల్వియా ముఖం చూసి నవ్వు ఆపాడు.

“ఏంటే, అలా ఉన్నావు? ఏమన్నా అందా ఆవిడ?”

పిలిస్తే పలకడానికే సిగ్గుపడే పిల్ల. ఆ రోజు రెండోసారి ధైర్యం చేసి నోరు తెరిచింది. “మావయ్యా, ఆవిణ్ణి నువ్వు ఇదివరకెప్పుడైనా చూశావా?”

“నేనా? ఎక్కడ చూస్తానే! ఏనాడూ చూళ్లేదు.” బండి ఇంజను ఆపేశాడు. రోడ్డు మీద ఆటోల చప్పుడు ఒక్కసారిగా దగ్గరైనట్టు వినిపించింది. “సంతకం పెట్టిందిగా? ఏం రాసిందో చూద్దాం. ఇలా ఇయ్యి.”

చెయ్యి చాపాడు. ఏటా కొత్త సంవత్సరం రోజున, నవ్వే చేప బొమ్మ డైరీని ఆమెకు అందించే చెయ్యే అది.